తీగ కింద

వారసత్వ దినం ఊరేగింపుకు రిహార్సల్,
ఖిలా వరంగల్ పడమటి దర్వాజ నుంచి రాతి తోరణాల దాక.
యాకయ్య సారు విజిలు పంటి కింద పెట్టుకునే
మర్యాదలు చెప్తడు:
మూడు రంగులది ముందు, కుడిపక్క.
బడి జెండాలు రెండడుగులు వెనక.
కలెక్టరమ్మ ఎదురైతే బడి జెండా వంగాలె,
మూడు రంగులది ఎవ్వలికీ వంగద్దు.
నేలకు తాకద్దు. గడ్డపారలెక్క భుజం మీదికెత్తద్దు.
చెమట తుడుసుకోవద్దు.
అది గూడ రూలేనా సార్?
జవాబు, విజిలు.

జెండా చిట్టిమల్ల రవళి చేతుల ఉన్నది.
తొమ్మిదో తరగతి. అక్క బూట్లు, లోపల దూది.

బత్తులోళ్ల గల్లీ మలుపుల
నిరుడు గాలివానకు జారిన కేబుల్ తీగ,
ఎవలో దానిమీద తువ్వాల ఆరేసిండ్రు.
కర్ర తీగకంటె జానెడు పొడుగు.
డప్పు ఆగింది.
వంచితే తప్పు. ఆగితే తప్పు.
సారు నోట్లోంచి విజిలు తీసిండు.
ఆయన పుస్తకంల ఈ తీగ లేదు.

రవళి మోకాళ్లు వంచింది.
కర్ర నిటారు, నడుము నిటారు,
కనిపించని పీట మీద కూసున్నట్టు
నాలుగడుగులు ఏసి
అవుతల లేచి నిలవడ్డది.
తువ్వాల కొంచెం ఊగింది.
వెనక నలభై మంది, పొట్టోళ్లు సుత,
ఆడికి రాంగనే వంగిండ్రు.

ఎండకాలంల తీగ పీకేసిండ్రు.
అయినా ఏటా ఆ మలుపుకాడ
పిల్లలు మోకాళ్లు వంచుతరు.
ఎందుకని అడిగితే కొత్త పీటీ మేడం
"అది మర్యాద" అంటది.

తువ్వాల ఎవలిదో
ఇప్పటిదాక తెల్వదు.