కరగని కొండ

ఇద్దర్నీ ఒకే గదిలోకి పిలిచారు,
వేరువేరు గంటలకి.
పదకొండుకి రేత్తాని, పన్నెండున్నరకి నన్ను.
మధ్యలో క్యాంటీన్లో ఎదురుపడి
ఒకరి ట్రేలోకి ఒకరం చూసుకున్నాం.
గురువారం కాబట్టి బఠాణీ సూపు.
తను ముట్టుకోలేదు.
నాకు అర్థమైంది, అయినా నాది తాగేశాను.

ఔలులో యాంటెన్నాలు పరీక్షించేవాళ్ళం.
తొమ్మిదేళ్ళపాటు
కంటికి ఆననిదాన్ని గాలిలో కొలిచాం.
ఇప్పుడు వంటింటి బల్ల మీద
ఊళ్ళని కొలుస్తున్నాం.

రేత్తా గళ్ళు గీసింది.
ఎస్పో, తాంపెరె, నీళ్ళు దాటితే స్వీడన్లో లుండ్.
అద్దె. డేకేర్లో చోటు. డిసెంబర్లో పగలెంతసేపు.
ఎస్పోలో జీతం ఎక్కువే,
ఆ ఎక్కువని అద్దె తినేసి గిన్నె కూడా నాకేస్తుంది.
లుండ్‌లో చలి తక్కువ, గాలి ఎక్కువ.
నిరుడు అక్కడికి వెళ్ళిన ఇస్మో ఫోన్లో చెప్పాడు:
"మంచి ఊరే. ఎవరూ ఒక్క మాట అనరు.
ఎవరూ ఇంటికీ పిలవరు."
"మరి ఇక్కడికీ దానికీ తేడా ఏంటి?" అంది రేత్తా.
నెల రోజుల్లో అదే మొదటిసారి
మేమిద్దరం పగలబడి నవ్వడం.

తాంపెరెలో ఉద్యోగం ఒక్కరికే.
తనకి.
నా గడిలో ప్రశ్నార్థకం పెట్టలేదు,
పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది,
చెరపడానికి వీలుగా.
నేను ఆ చుక్కని చూడనట్టు
కెటిల్‌లో నీళ్ళు పోశాను.

బాబు బాల్కనీలో నిద్రపోతున్నాడు,
మైనస్ ఎనిమిదిలో, తోపుడుబండిలో,
ముక్కు ఒక్కటే లోకానికి వదిలి.
అక్కడ ఇలా పడుకోబెడతారా?
పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలవరు కదా?
ఇంకో గడి.

మా పెద్దది హిల్లా, ఐదేళ్ళది.
ఆగస్టులో ఇక్కడి చిత్తడినేలల్లో
మోకాళ్ళ దాకా తడిసి ఏరుకునే
తేనెరంగు పండు పేరు.
దక్షిణాదిలో ఆ పండునే లక్కా అంటారు.
అక్కడి పిల్లలు దాన్ని పిలిస్తే
ఎవరి నోట్లోనూ నీళ్ళూరవు.
అక్కడ అది ఉత్త పేరు.
దీనికి గడి ఎలా గీయాలో
ఇద్దరికీ తెలియలేదు.

అర్ధరాత్రి దాటాక కూడికలు తేలాయి.
మూడు ఊళ్ళూ అటూ ఇటూగా ఒకటే వచ్చాయి.
రేత్తా కాగితం తిరగేసి, మళ్ళీ తిరగేసి,
"మనం తప్పు కొలుస్తున్నాం" అంది.
ఏది తప్పో చెప్పలేదు.
నిద్రొచ్చింది తనకి.

పొద్దున్నే హిల్లాతో కారు పార్కింగ్ వెనక్కి వెళ్ళాను.
ఔలు చాపలా పరిచిన ఊరు.
కొండలంటే మాకు
ట్రాక్టరు రోడ్లు ఊడ్చి పోగేసిన మంచుగుట్టలే.
తను ప్లాస్టిక్ జారుడుబల్ల ఈడ్చుకుంటూ ఎక్కి,
జారి, మళ్ళీ ఎక్కి,
నా బూట్ల దగ్గర వచ్చి ఆగింది.

"తాంపెరెలో నిజం కొండ ఉంది" అన్నాను,
ఎందుకన్నానో తెలియకుండానే.
"ఎవరు పోగేశారు?"
"మంచే. చాలా చాలా కిందట,
ఊరంత మందాన ఉన్న మంచు,
వెళ్ళిపోతూ రాళ్ళూ ఇసుకా వదిలేసి పోయింది."
"మే నెలలో కరిగిపోతుందా?"
"లేదు. అది కరగదు."

నమ్మలేదు.
చేతితొడుగుకి అంటిన మంచుని నాలుకతో తీసుకుని
ఆలోచించింది.
తనకి తెలిసిన కొండలన్నీ
స్కూలు సెలవులకి ముందే నీళ్ళైపోయాయి మరి.
తను చూడలేదు గానీ,
తొమ్మిదేళ్ళ కొండ ఒకటి
గురువారం పన్నెండున్నరకి కూడా.

"అయితే ఎండాకాలం అంతా
అది ఏం చేస్తుంది?" అంది.

ఇంటికొచ్చి రేత్తాకి చెప్పాను.
బాబుకి పాలిస్తూ,
ఖాళీగా ఉన్న చేత్తో కాగితం దగ్గరికి లాక్కుని
తాంపెరె కింద ఏదో రాసింది.
నా వైపు నుంచి తలకిందులుగా ఉంది,
చదవలేకపోయాను.
చుక్క మాత్రం అక్కడే ఉంది.