గీత లేని పెట్టె

గ్రిమ్స్‌బీ రేవు పక్కన
చేపల్ని ముక్కలు కోసి, పొడి అద్ది, గడ్డకట్టించే కంపెనీలో
నా పని చేపలతో కాదు.
మనుషుల్ని పెట్టెల్లో పెట్టడం.
ఒక్కో పేరుకి ఒక్కో పెట్టె,
పెట్టె నెత్తిన ఒక గీత,
గీత చివర ఇంకొకరి పేరు.

తొమ్మిదేళ్లలో నాలుగుసార్లు చెరిపి గీశాను.
మొదట పనిని బట్టి:
కోసేవాళ్లు, కట్టేవాళ్లు, అమ్మేవాళ్లు.
తర్వాత సరుకును బట్టి:
కాడ్ వాళ్లు, హాడక్ వాళ్లు, రొయ్యల వాళ్లు.
మూడోసారి లీడ్స్ నుంచి ఎవరో వచ్చి
రెండూ కలిపి అల్లమన్నారు.
అప్పట్నుంచి మోరీన్ బ్లాంచర్డ్‌కి ఇద్దరు బాసులు,
ఒకరిది నిండు గీత, ఒకరిది చుక్కల గీత.
చుక్కల గీతంటే ఏమిటని అడిగింది.
వేలువిడిచిన మేనమామ అని చెప్దామనుకున్నాను,
ఇక్కడ మేనమామకీ బాబాయికీ ఒకటే మాటని గుర్తొచ్చి ఊరుకున్నాను.
"నీ మీద కోప్పడొచ్చు, జీతం మాత్రం పెంచలేడు."
"అర్థమైంది," అంది మోరీన్, "నా రెండో మొగుడు."

నాలుగోసారి, పోయిన అక్టోబరు.
కాంటీన్లో కుర్చీలు వరసగా వేసి టీ, బిస్కెట్లు పెట్టారు.
మంచి బిస్కెట్లు.
అందరికీ అప్పుడే అనుమానం వచ్చింది.
కొత్త డైరెక్టరు నలభై నిమిషాలు మాట్లాడింది.
"చదును చేస్తున్నాం" అంది.
ఏడు మెట్లు నాలుగవుతాయట.
వైదాస్ నా చెవిలో,
"మెట్లు తీసేస్తే మేడ కిందికి దిగుతుందా?"
దిగలేదు.
మధ్యమెట్ల మీద నిలబడ్డ పదకొండుమంది దిగారు,
అట్టపెట్టెల్లో టీకప్పులూ కాక్టస్ కుండీలూ పట్టుకుని.

ఆ రాత్రి వాళ్ల కిందివాళ్లని పంచాను,
వామనగుంటల్లో ఒక గుంట ఖాళీ చేసి
గింజ గింజా పక్కగుంటల్లో జారవిడిచినట్టు.
గ్రజీనా ఇటు. టెర్రీ అటు.
ప్యాకింగులో ఆరుగురూ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ.
ఒక గింజ చాప కిందికి దొర్లింది.
నేను చూసుకోలేదు.

మే నెలలో తెలిసింది.
కీత్ కాక్‌వెల్, ఐస్ ప్లాంటు, రాత్రి షిఫ్టు, ఇరవైరెండేళ్ల సర్వీసు.
పెట్టె ఉంది. పైన గీత లేదు.
ఏడు నెలలుగా అతను ఎవరి కిందా లేడు.
ఐస్ మాత్రం తెల్లారేసరికి సిద్ధం, రోజూ పధ్నాలుగు టన్నులు.
ఎవరూ మెచ్చుకోలేదు, మందలించలేదు,
వచ్చే ఏటి లక్ష్యాలు రాయమనలేదు.

అతనే మెట్లెక్కి వచ్చాడు,
రబ్బరు బూట్లు గుమ్మం దగ్గరే విప్పేసి.
మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు.
"గురువారం సెలవు కావాలి. జానెట్‌కి కంటి ఆపరేషన్.
ఎవర్ని అడగాలో కంప్యూటరు చెప్పట్లేదు."
"ఇన్నాళ్లూ సెలవే పెట్టలేదా?"
"పెట్టాను. జనవరి నుంచీ 'పరిశీలనలో ఉంది' అంటోంది."

పైవాళ్లకి రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు.
ఈ పెట్టె ఎందుకని ఒకరు అడుగుతారు.
ఏడు నెలలు బాసు లేకుండా నడిచిందంటే...
ఆ వాక్యానికి రెండు ముగింపులున్నాయి.
బాసు అక్కర్లేదని ఒకటి.
అది ఎవరూ రాయరు.

లేచి తలుపు వేశాను.
మౌసుతో ఒక గీత లాగాను, నిండు గీత,
అతని పెట్టె నెత్తి నుంచి నా పెట్టె అడుగుదాకా.
నా కింద ఎప్పుడూ ఎవరూ లేరు.
'ఆమోదించు' నొక్కాను.

కీత్ తెర వైపు వంగి చూశాడు.
"అయితే ఇప్పుడు మీరా నా బాసు?"
"గురువారం దాకా."
"ఐస్ గురించి మీకేమైనా తెలుసా?"
"తెలీదు."
"మంచిది," అని బూట్లేసుకున్నాడు.

సోమవారం పొద్దున నా బల్ల మీద
థర్మకోల్ పెట్టెలో రెండు హాడక్‌లు,
పైన అతని ఐస్, ఇంకా కరగనిది.

గీత నేనింకా తీయలేదు.