మీట మెడకు కడియం

కిర్క్‌షా జంక్షన్ సిగ్నల్ క్యాబిన్లో
నా మొదటి రోజు, ముసలి లైడ్‌లా నాకు ముందు చూపించింది
వరసగా నిలబడ్డ ఇరవై ఎనిమిది మీటలు కాదు,
ఇత్తడి గంటలు కాదు,
కిటికీ అవతల గొర్రెలు మేస్తున్న స్కాట్లాండు కొండలూ కాదు.
మేకుకు వేలాడుతున్న ఒక ఇనుప కడియం.

తీసి నా అరచేతిలో పెట్టాడు. చల్లగా ఉంది.
"దేనికో చెప్పు."
కెటిల్ కింద పెట్టుకోడానికేమో అన్నాను.
అతను నవ్వలేదు.

ఇదే గది. ఇవే మెట్లు.
లైడ్‌లా తాత కాలంలో, ఒక ఫిబ్రవరి రాత్రి
లోయలోంచి వచ్చిన పాసింజరు
సరిగ్గా ఈ కిటికీ కింద ఆగింది.
ఇంజను ఆవిరికి ఈ అద్దాలు చెమర్చాయి.
'మేం ఇక్కడున్నాం, మరవద్దు' అని చెప్పడానికి
రూలు ప్రకారం ఫైర్‌మన్ పైకొచ్చాడు.
పందొమ్మిదేళ్ళవాడు. రిజిస్టర్లో సంతకం పెట్టాడు: వాట్ స్కూలర్.
టీ తాగాడు, చేతులు కాచుకున్నాడు,
శనివారం ఫుట్‌బాల్ గురించి రెండు ముక్కలు మాట్లాడి
దిగిపోయాడు.

నాలుగు నిమిషాలకు గంట మోగింది.
రాత్రి ఎక్స్‌ప్రెస్. దారి ఉందా అని అడుగుతోంది.
డాండ్ రదర్‌ఫర్డ్,
పద్దెనిమిదేళ్ళలో ఒక్క తప్పు రాయించుకోని మనిషి,
ఉందని బదులు కొట్టాడు.
మీట లాగాడు.

లండన్ నుంచి ఒక కల్నల్ వచ్చి
బడి గదిలో, పిల్లల బల్లల మధ్య, మూడు రోజులు విచారించాడు.
తాగావా? లేదు.
కునుకు తీశావా? లేదు.
మంచు కురుస్తోందా? వెలిసింది దొరా, వెన్నెల.
మరి?
"మరీ దగ్గరగా ఉంది దొరా.
చేయి చాస్తే అందేంత."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి గురించి
నవ్వుకుంటూ చెప్పుకుంటాం.
డాండ్ వెతకనైనా లేదు.
పదకొండు మంది.
అందులో ఒకడి గొంతులో టీ వెచ్చదనం ఇంకా ఆరలేదు.

ఊరు డాండ్‌ను ఉరి తీయమంది.
కల్నల్ తన నివేదికలో
అతని గురించి రెండు వాక్యాలు రాసి
కడియం గురించి రెండు పేజీలు రాశాడు.
రైలు నిలిచి ఉన్నంతసేపూ మీట మెడకు ఇది తొడగాలి.
తొడిగితే పిడి నొక్కుడు పడదు.
చెయ్యి మరచినా ఇనుము మరవదు.

నాకు రోషమొచ్చింది. "నేను మరచిపోతానా?"
"నువ్వు మంచిదానివే," అన్నాడు లైడ్‌లా,
"శ్రద్ధ ఉన్నదానివే. డాండ్ కూడా.
ఈ కడియం నీ మంచితనాన్ని నమ్మదు.
అందుకే నేను దీన్ని నమ్ముతాను."

ఇరవై ఆరేళ్ళు చేశాను.
ఒక్క రాత్రి, పన్నునొప్పితో దవడ పగిలిపోతుంటే,
గంటకు బదులు కొట్టి ఏడో మీట పట్టుకున్నాను.
పిడి కదల్లేదు.
తుప్పేమోనని రెండోసారి నొక్కాను. తిట్టాను కూడా.
అప్పుడు కిందికి చూశాను.
కంకర గూడ్సు సాయంత్రం నుంచీ అక్కడే ఉంది.
దాని డీజిలు మోతకు కిటికీ అద్దాలు
సాయంత్రం నుంచీ వణుకుతూనే ఉన్నాయి.

ఎవరికీ చెప్పలేదు.
జరగనిదానికి రిజిస్టర్లో గడి లేదు.

క్యాబిన్ కూల్చేశారు. ఇప్పుడన్నీ ఊరవతల
కిటికీలు లేని హాల్లో, తెరల మీద.
పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను.
ఇష్‌బెల్ అనే అమ్మాయి మౌసు నొక్కితే
ఆగిన రైలు ముందు సిగ్నల్‌కు చిన్న వలయం పడింది.
అదెందుకు గుండ్రంగా ఉందని అడిగాను.
"ఎప్పుడూ అంతే కదా," అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

టీ ఇచ్చారు. వెళ్ళేటప్పుడు
సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టమన్నారు.
పేరు రాశాను. తేదీ రాశాను.
'వచ్చిన పని' అన్న గడి దగ్గర కాసేపు కలం ఆగింది.
తర్వాత రాశాను:
మేం ఇక్కడున్నాం.