తొలి నీళ్ళు

సోమవారం పొద్దున
పీఠపు గుడ్డలు నా ఇంటికొస్తాయి.
పానపాత్ర తుడిచిన తెల్ల తువాళ్ళు ఆరు,
అప్పం కింద పరిచే నార గుడ్డ ఒకటి.
మా అత్త ఎడువీజెస్ పోయాక
ఈ పని నాకొచ్చింది,
ఆమె ఇస్త్రీపెట్టెతో, దాని మాడు వాసనతో సహా.

"తొలి నీళ్ళు తూములో పొయ్యకే పిల్లా" అనేది.
కంటికి ఆనని రవ్వలోనైనా
ఆయన పూర్తిగా ఆయనే,
చిన్నప్పుడు ఉపదేశంలో వల్లె వేసిందే.
అందుకని మొదటి జాడింపు వేరే బాల్చీలో,
సబ్బు లేకుండా.
ఆ నీళ్ళు మట్టికి.
మా సావ్ జోర్జి దీవిలో మట్టంటే నల్లటి లావా పొడి,
గోడవారన హైడ్రాంజియా పొద.
జూలైలో దాని నీలం చూసి
పొరుగింటి ఆదెలీనా అడుగుతుంది,
ఏమేస్తున్నావే దీనికి అని.
ఏం చెప్పను,
వారానికో బాల్చీడు దేవుణ్ణి అనా?

రెండో బాల్చీ ఇంటిది.
వెనాన్సియో చొక్కా: పేడ, పులిసిన పాలు,
ఊడిపోబోయే బొత్తాం.
చిన్నాడి మేజోళ్ళు, ఎప్పుడూ ఒకటి తక్కువే.
ఆ నీళ్ళు తూములోకి,
తూము సముద్రంలోకి.

మొన్న తపస్సు కాలంలో
నాలుగో నెల నిండకుండానే
ఓ రాత్రి దుప్పటి తడిసింది.
నర్సు వచ్చి, జరుగుతుంటాయి అంది.
వెనాన్సియో కాసేపు నా పాదాలు పట్టుకుని కూచుని
ఆవుల దగ్గరికి వెళ్ళాడు.
పితక్కపోతే అరుస్తాయి కదా.
నేను దుప్పటి జాడించాను.
బాల్చీ ఎత్తుకుని తూము దాకా వెళ్ళి
ఆగిపోయాను.

జ్ఞానస్నానం లేదు, పేరు లేదు,
గుడి రిజిస్టరులో ఒక గీతైనా లేదు.
గురువుగారిని అడగొచ్చు.
మంచివారు, పుస్తకం తీసి చూసి మరీ చెప్తారు.
అడగలేదు.
చెప్పుల్లేకుండా పొద దాకా నడిచాను.
అప్పుడది ఉత్త పుల్లలు.

ఆదివారం గంట మోగింది.
ఆ పలచని తెలుపును పైకెత్తి
"ఇది నా శరీరము" అని ఆయన అంటుంటే
అందరూ తల వంచారు.
నేను చూస్తూ ఉన్నాను.

మళ్ళీ సోమవారం.
ఒక తువాలుకు ద్రాక్షరసం మరక,
చన్నీళ్ళకే వదిలింది.
నార గుడ్డ మడతపెడుతున్నాను,
నిలువుకు మూడు, అడ్డానికి మూడు.
చిన్నాడు బల్ల మీద గడ్డం ఆనించి అడిగాడు,
"ఇంత చిన్న దుప్పటి ఎవరిదమ్మా?"

ఇస్త్రీపెట్టె వేడి ఉంది.
దూరం జరగమన్నాను.