ఎడమకు తిప్పితే

తుక్కుగూడ దాటాక మొదలైంది.
అరవై మీద సన్నగా,
ఎనభైలో తుమ్మెద గొంతు,
తొంభైకి ఎవరో బోరుబావిలోకి ఊదుతున్నట్టు.

"టైర్లు" అన్నాడు విఠల్, ఫోన్లోంచి తలెత్తకుండా.
టైర్లే అనుకున్నాను.
నాలుగు టైర్లు, ముప్పై రెండు వేలు, నా కార్డు మీద వాయిదాలు.
కొత్త టైర్ల మీద కూడా అదే ఊదుడు.
పాట పెంచాను. పిల్లలు పాటను మించి అరిచారు.
మూడు వారాలు అలాగే తిరిగాం.

నడిమి సీట్లో మా అత్త బాలనర్సమ్మ
అద్దానికి చెవి ఆనించి కూర్చునేది.
నిద్రపోతోందనుకున్నాం.
బొంగుళూరు ముందర, ఖాళీ రోడ్డు మీద, ఉన్నట్టుండి
"జర ఎడమకు తిప్పు" అంది.
తిప్పాను. చప్పుడు బరువెక్కింది.
"గిప్పుడు కుడికి."
తగ్గింది.
"కుడి ముంగటి చక్రం. బేరింగు తిన్నది."
ఎడమకు తిప్పితే మోగేది ఎడమదే కదమ్మా అని విఠల్ నవ్వాడు.
"పల్లెంల నీళ్ళు పట్టుకొని ఎడమకు తిరుగు బిడ్డా,
ఎటు ఒలుకుతయో సూడు."

చంపాపేటలో ఇరవై రెండేళ్ళు పిండిగిర్ని నడిపిన మనిషి.
గోధుమల చప్పుడు వేరు, మక్కలది వేరు,
రాయి ఖాళీగా తిరిగితే వేరు అని
ఏదో పెళ్ళిలో ఎవరికో చెబుతుంటే విన్నాను ఒకసారి, సగం.
గిర్ని తూకానికి పోయి పదకొండేళ్ళు.

ఆదివారం. మూసారాంబాగ్, ఖలీల్ భాయ్ షెడ్డు.
జాకీ మీద మా బండి, లాడం కొట్టడానికి కాలెత్తిన ఎద్దులా.
పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాడు.
టక్. టక్.
చక్రం తిప్పి, స్ప్రింగు పట్టుకోమన్నాడు నన్ను.
వేళ్ళలోకి ఇసుక నమిలినట్టు ఏదో పాకింది.
"ఎవరు పట్టిన్రు మేడం దీన్ని?"
చూపించాను. స్టూలు మీద అత్త, కొంగులో చేతులు.
"సలాం అమ్మా" అన్నాడు.
ఇంకో చాయ్ చెప్పాడు.

నడిమి నట్టు రానంది.
పానాకు పొడుగాటి పైపు తొడిగి
కుర్రాడు అజ్మత్ దాని మీద ఎక్కి నిలబడ్డాడు.
లోపల నేను బ్రేకు తొక్కిపట్టి, పళ్ళు బిగబట్టి.
టపాసు పేలినట్టు వదిలింది.
ప్రెస్సు కింద హబ్బు ఊడొచ్చింది కానీ
లోపలి గాజొకటి దాన్ని వదల్లేదు.
గ్రైండరుతో గీత, ఉలితో ఒక దెబ్బ.
గాజు మీద అమ్మవారు పోసినట్టు గుంటలు.
గ్రీజు మాడిన పాకం.

రాణీగంజ్ నుంచి కొత్తది వచ్చేసరికి మూడయింది.
ప్రెస్సు కింద పెడుతుంటే అత్త లేచింది.
"లోపలి గాజు మీద ఒత్తకు. బయటిదాని మీద."
ఆ పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్నవాడు
చెయ్యి ఆపి, వంగి చూసి,
"హా అమ్మా, బయటిదే" అన్నాడు.

నాలుగు వేల రెండొందలు.
టైర్ల మాట ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం మళ్ళీ రింగురోడ్డు, మళ్ళీ తొంభై.
ఏమీ లేదు.
ఎంత ఏమీ లేదంటే
సీటు కింద దొర్లే గోళీ,
చిన్నోడి ముక్కులో ఈల,
విఠల్ గోరు తలుపు మీద కొట్టుకోవడం కూడా.
వెనక అత్త ఒళ్ళో, పేపరు విప్పి, పాత బేరింగు.
మిగిలిన గాజులో వేలు దూర్చి తిప్పుతోంది.
గర్ర్. ఆగుతుంది.
గర్ర్.
"పారెయ్యరాదే అమ్మా?"
"ఉండనియ్యి."

చంపాపేట చౌరస్తాలో మేం నేరుగా పోవాలి.
ఎవరూ చెప్పలేదు, ఎడమకు తిప్పాను.
గిర్ని ఏ సందులో ఉండేదో
నాకు ఇన్నాళ్ళూ తెలియదు.
వెనక వేలు ఆగింది.
"ఇంకొంచెం ముంగటికి" అంది.