తిన్నని గీత

వారానికి ఆరు రోజులు నావన్నీ వంపులే.
అలిపిరి దాటితే చాలు
స్టీరింగు నా భుజాల చేత పాఠం ఒప్పజెప్పించుకుంటుంది:
ఎడమ, కుడి, మళ్లీ ఎడమ.
వెనక ఎవరో గోవిందా అంటారు,
ఎవరో ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుంటారు.
వాళ్ల ముఖాలు నాకు తెలియవు,
దిగేటప్పుడు అద్దంలో
గంధం పూసిన గుండ్లు తప్ప.

డిపోలో మునిచంద్ర పావురాలు పెంచుతాడు.
నేను ఏడో రోజు
జీవకోనలో మా మిద్దెమీద
ఒక తిన్నని గీత కోసం కూర్చుంటాను.

రంపం వేలాయుధం ఆచారిది.
పుత్తూరు పక్కనించి వచ్చినోడు, మాటలో సగం అరవం.
"పెన్సిలు చెవిలో పెట్టుకుంటే కాదు సామీ,
చెక్క ఎటు పోతా ఉండాదో అది చూడల్ల" అన్నాడు.
చూశాను.
గీత తిన్నగానే ఉంది.
రంపం మాత్రం జానెడు పోయాక
నెమ్మదిగా ఎడమకి తిరిగింది,
హారన్ కొట్టకుండా.

కర్నాల వీధిలో పడగొట్టిన ఇంటి ద్వారబంధం ఇది.
తూకానికి కొన్నాను. వేప.
రంగు కింద రంగు, దానికింద ఇంకో రంగు.
గడప ముక్కని గోకితే పసుపు,
పసుపు కింద ఇంకా పసుపు,
ఎన్ని శుక్రవారాలో.
లోపలెక్కడో తలలేని చీల ఒకటి
రంపం పళ్లు రెండు మింగి కూర్చుంది.
సాయంత్రం కాఫీ చేదు.
అది పెదాల మీది పొట్టు, సుబ్బరత్న తప్పు కాదు.

ఎదురింటి కానిస్టేబులు పిట్టగోడ మీంచి తొంగి చూసి
"చందనమా అన్నా?" అన్నాడు నవ్వుతా.
ఈ ఊళ్లో చెక్క చేతపట్టినోడు
ముందు దాని పేరు చెప్పుకోవాలి.
పిడికెడు పొట్టు అందించాను.
వాసన చూసి, నాలిక్కి తగిలించుకుని, ఉమ్మి,
"వేపే" అని పంచనామా ముగించాడు.

మొదటి కుసి బెజ్జంలో ఊగింది,
పాత బస్సులో గేరు కర్రలాగ.
రెండోది దూరనే లేదు.
మూడోదాన్ని సుత్తితో బెదిరిస్తే
బెజ్జమే విచ్చింది.
తొమ్మిదోది, అప్పటికి చలికాలం వచ్చేసింది,
అరచేత్తో నొక్కితే
టప్‌మని కూర్చుంది.
ఆ చప్పుడుకి
కింద కుట్టుమిషను ఆగింది.

గడపని కూర్చునే పలకగా కోశానని తెలిసి
సుబ్బరత్న చీపురుతోనే పైకొచ్చింది.
"గడప మీద ఎవరైనా కుచ్చుంటారా?"
"ఇప్పుడది గడప కాదు కదే."
"ఆ సంగతి దానికి తెలుసునా?"
నా దగ్గర జవాబు లేదు, ఉప్పుకాగితం ఉంది.
రుద్దుతూ ఉండిపోయాను.

కుర్చీ మిద్దెమీద నిటారుగా నిలబడింది.
ఇంట్లోకి దించితే ఎడమకి ఒరిగింది,
మలుపు తిరుగుతున్నట్టు.
కాలు కోయబోతుంటే ఆచారి చెయ్యి పట్టుకున్నాడు.
మూలమట్టం పెట్టి, ఒక కన్ను మూసి, చానాసేపు చూసి
"కుర్చీ వంకర కాదు సామీ.
వాననీళ్లు పోయేదానికి మీ మిద్దె వాలుగా పోసినారు.
నువ్వు ఆ వాలుకే కాళ్లు సరిచేసినావు.
దీనికి ఆ మిద్దె తప్ప వేరే నేల తెలీదు."

మళ్లీ పైకే మోశాను.
డ్యూటీ లేని రాత్రుళ్లు
దాని చోటు, నా చోటు పిట్టగోడ వార.
సుబ్బరత్న కూర్చునేముందు
పలకని తాకి కళ్లకద్దుకుంటుంది.
ఆ ఇంటివాళ్లెవరో మాకు తెలియదు.

ఎదురుగా కొండ. చీకట్లో దారి కనబడదు.
బస్సుల దీపాలు మాత్రం
ఎవరో అరిగిన పెన్సిలుతో గీస్తున్నట్టు
దిగుతాయి, మడత పడతాయి, మాయమవుతాయి.
నేను నడపని ఆ బస్సు
మలుపు దగ్గర తిరగడం ఒక్క క్షణం ఆలస్యమైతే
నా కుడికాలు
పొట్టులోకి లోతుగా దిగుతుంది.