తాలు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ వెనక
రేకుల షెడ్డులో
మజ్జిగ బేసిన్లో చేతులు పెట్టుకు కూర్చున్నాం.
పొద్దుట్నుంచీ తేజ కాయలకు తొడిమలు తీశాం,
మంట మణికట్టు దాకా ఎక్కింది.

కొత్తగా చేరిన కెజియా
నా గ్లాసు పక్కకు జరిపి
దోసిట్లో నీళ్లు తాగింది.
ఎవరో చెప్పుంటారు.
నాకు కోపం రాలేదు.
అబద్ధం, వచ్చింది.
కానీ వచ్చే నెల ఆ పిల్ల పెళ్లి.
పెళ్లికొడుకు నాగ్‌పూర్ లైన్లో లారీ తోలతాడంట.
నా మొగుడిదీ అదే లైను.

ఇటు చూడవే.
మిరపకాయ ముట్టుకుంటే అంటుద్ది.
ఈ చేత్తో బిడ్డను నిమిరితే బిడ్డ ఏడుస్తుంది.
నాది అట్టాంటిది కాదు.
గ్లాసులో ఉండదు, దుప్పట్లో ఉండదు,
దోమ మోసుకురాదు.
దాని పేరు హెచ్ఐవీ.
మన షెడ్డులో పేరు పలకరు, "అది" అంటారు.
అది వచ్చేది
దీపం ఆర్పాక మనం నోరెత్తని చోట,
ఒకరికి పొడిచిన సూది ఇంకొకరికి పొడిచిన చోట.
నిరోధ్ అన్న మాట ఆసుపత్రి గోడ మీద చదివాను గానీ
మొగుడి ముందు ఒక్కసారీ అనలేదు.
అనుంటే, అని ఇప్పుడనుకుని ఏం లాభం.
నువ్వు అను.

ఐదో నెల్లో పెద్దాసుపత్రిలో రక్తం తీశారు.
తలుపు దగ్గరగా వేసి చెప్పిందామె.
"నేనేం తప్పు చేశానమ్మా?" అన్నాను.
"తప్పు సంగతి ఎవరడిగారు?
మాత్ర ఏ టైముకు వేసుకుంటావో చెప్పు" అంది.
రాత్రి తొమ్మిదికి,
పక్కింట్లో సీరియల్ పాట మొదలవగానే.
పదకొండేళ్లుగా తప్పలేదు.
సీరియళ్లే మారాయి.

మా అత్త నన్ను తాలుకాయలా ఏరి
పక్కన పోసింది.
కొడుకును ఏరలేదు.

పుట్టగానే బిడ్డకు చుక్కల మందు.
పద్దెనిమిది నెలలకు ఆఖరి పరీక్ష.
"లేదు" అన్నారు.
బియ్యం లేదు, అప్పు పుట్టలేదు, ఆయన ఫోను లేదు,
పుట్టి బుద్ధెరిగాక వింటున్న మాటే.
ఆ రోజు దాన్ని కాగితంతో సహా
కొంగున ముడేసుకున్నాను.

కెజియా చాలాసేపు మజ్జిగనే చూసింది.
"పెళ్లికి ముందు పరీక్షకు రమ్మంటే
ఏమనుకుంటాడో."
అనుకోనీ.
నీదీ చేయించుకో, ఒకే బెంచీ మీద కూర్చోండి.
బెంచీ మీదే అలిగేవాడు
పక్కలో నీ మాట వింటాడా?

మేస్త్రి కేకేశాడు,
ఇంకా పది టిక్కీలున్నాయని.
అందరం చేతులు దులుపుకుని లేచాం.
ఆ పిల్ల నా గ్లాసు తీసి
నీళ్లు ముంచుకుంది.
సగం తాగి, మూతి తుడుచుకుని,
ఎవరూ వినకుండా అడిగింది:
"ఎన్నో నంబరు గదక్కా?"